ఎండకు తెర: ఎవరికి చౌక?



డి.ఎ., పెన్షను సమస్యలు చర్చించే సభలో ఆకాశం ప్రస్తావన ఎందుకని మీకు అనిపించవచ్చు. మే నెల మధ్యాహ్నం పట్టాల మీద పనిచేసే గ్యాంగ్‌మన్‌కూ, సంచీ భుజాన వేసుకుని వీధులు తిరిగే పోస్టుమన్‌కూ ఎండ సంగతి మరెవరికన్నా బాగా తెలుసు. దానిని చౌకగా తగ్గిస్తామనేవారి లెక్కలను మనం పరిశీలించవలసి ఉన్నది.

విమానాల ద్వారా సుమారు 20 కిలోమీటర్ల ఎత్తున గంధకపు సమ్మేళనాలను చల్లితే ఏర్పడే పలుచని తెర సూర్యకాంతిలో కొంత భాగాన్ని వెనుకకు మళ్లిస్తుంది. ఇది కేవలం ఊహ కాదు. 1991 జూన్‌లో ఫిలిప్పీన్స్‌లోని పినతూబో అగ్నిపర్వతం కోటిన్నర టన్నుల వరకు సల్ఫర్ డయాక్సైడును చిమ్మగా, మరుసటి సంవత్సరం భూగోళపు సగటు ఉష్ణోగ్రత దాదాపు అర డిగ్రీ తగ్గింది.

2018లో స్మిత్, వాగ్నర్ అనే పరిశోధకులు వేసిన అంచనా ప్రకారం మొదటి 15 సంవత్సరాలకు ఏటా సుమారు 225 కోట్ల డాలర్లు చాలు. 2024-25లో మన రైల్వేల మూలధన వ్యయానికి కేటాయించిన రెండున్నర లక్షల కోట్ల రూపాయలలో ఇది పదో వంతు కూడా కాదు. అయితే ఆ అంచనాలో ఉన్నది విమానాలు, వాటిని నడిపే ఖర్చు మాత్రమే. నష్టపోయేవారి పద్దు అందులో లేదు. 1912లో అలాస్కాలో కట్మై, 1982లో మెక్సికోలో ఎల్ చిచోన్ పేలిన తరువాత ఆఫ్రికాలోని సాహెల్ ప్రాంతం తీవ్రమైన అనావృష్టికి గురైంది. ఉత్తరార్ధగోళంలో మాత్రమే తెర పరిస్తే అదే జరగవచ్చునని 2013 నాటి ఒక పరిశోధన హెచ్చరించింది. మన రుతుపవనాలు గతి తప్పితే మెట్ట రైతుకు పరిహారం ఏ ఖజానా ఇస్తుంది?

పొగ తగ్గించే విషయంలో ప్రతి దేశమూ టిక్కెట్టు లేని ప్రయాణికుడే. ఖర్చు ఇతరులు పెట్టుకోవాలనే చూస్తుంది. ఇక్కడ చిక్కు వేరు. పని చౌక గనుక ఒక్క దేశమే ఎవరినీ అడగకుండా ఇంజనెక్కి బండిని తనకు నచ్చినట్లు నడపవచ్చు. హార్వర్డ్ ఆర్థికవేత్త మార్టిన్ వైట్స్‌మన్ ఎత్తిచూపిన ప్రమాదం ఇదే. 2022లో ఒక అమెరికన్ ప్రైవేటు కంపెనీ మెక్సికోలో అనుమతి లేకుండా గంధకపు బెలూన్లు వదలగా, 2023 జనవరిలో ఆ ప్రభుత్వం ఇటువంటి ప్రయోగాలను నిషేధిస్తామని ప్రకటించింది.

మన భాషలో చెప్పాలంటే ఇది కాషన్ ఆర్డరు వంటిది. ట్రాకు బలహీనమైన చోట వేగం తగ్గించడం అవసరమే. ట్రాకు బాగుచేయకుండా ఏళ్ల తరబడి బోర్డుతోనే నెట్టుకొచ్చి, ఒకనాడు దానిని పీకివేసి బండిని పూర్తి వేగంతో పోనిస్తే ఏమవుతుందో మీకు చెప్పనక్కరలేదు. గంధకపు తెర ఒకటి రెండేళ్లలో దిగిపోతుంది. బొగ్గుపులుసు వాయువు శతాబ్దాలు నిలుస్తుంది. యుద్ధం వల్లనో, దివాలా వల్లనో చల్లడం ఆగితే అంతవరకు అణగి ఉన్న వేడి కొద్ది సంవత్సరాలలోనే మీద పడుతుంది.

2024లో నైరోబీలో జరిగిన ఐక్యరాజ్యసమితి పర్యావరణ మహాసభలో ఈ విషయంపై ప్రతిపాదించిన తీర్మానం ఏకాభిప్రాయం కుదరక వీగిపోయింది. పరిశోధనే వద్దని నేననను. అది ప్రభుత్వ ధనంతో, బహిరంగంగా జరగాలి; పరిహారం పద్దు వేయనిదే ఎవరూ దీనిని చౌక అనరాదు. ఈ రెండు అంశాలను మన తీర్మానంలో చేర్చవలసిందిగా ప్రతిపాదిస్తున్నాను.