పరిచర్యావిద్య: దాని నెన్నుకొను విధము
(సంఘ వార్షిక మహాసభయందు చేసిన యుపన్యాసము)

  

విద్యార్థి సహాయనిధినిగూర్చి నాలుగు మాటలు చెప్పవలసినదని కార్యదర్శిగారు మమ్ము కోరిరి. నిధి యెంత కూడినదో వారి నివేదికయే తెలుపుచున్నది. ఆ ధన మెట్టి చదువునకు వినియోగపడవలయునో యదియే మేము విన్నవింపదలచిన విషయము. ఈ యేడు సహాయము గోరిన దరఖాస్తులలో నర్సింగు చదువదలచిన బాలికలవి పెక్కు గలవు. అందు కొన్నిటికి, ఇల్లు కదలకుండ ఆన్‌లైనులో నర్సింగు పట్టమిత్తుమను ప్రకటనపత్రములు జతచేయబడియున్నవి. తల్లిదండ్రులు మమ్మడిగిన ప్రశ్న యొక్కటే: "ఇందులో చేర్పింపవచ్చునా, పంతులుగారూ?" దానికి సమాధానము చెప్పుటకే మేమిచట నిలిచితిమి.

మొదట నొక యపోహను తొలగింపవలసియున్నది. రోగుల మలమూత్రము లెత్తు పని మనయింటి యాడుబిడ్డ కేలయని సణుగుకొను పెద్దలు మనలో నింకను గలరు. చరకుడు సూత్రస్థానమునందు చికిత్సకు నాలుగు పాదములను జెప్పెను: వైద్యుడు, ఔషధము, పరిచారకుడు, రోగి. ఉపచారముల నెరుగుట, నేర్పు, రోగియం దనురాగము, శుచిత్వము అను నాలుగు గుణములు పరిచారకునకు గావలయు ననెను. వైద్యునితో సమముగా పరిచారకుని గూడ నొక పాదముగా లెక్కించిన శాస్త్రము మనది. నాలుగు కోళ్లలో నొకటి విరిగిన మంచము నిలుచునా?

మన ప్రాంతమున నవీనవైద్యము వేళ్లూనిన చరిత్రయు నిదియే చెప్పుచున్నది. 1883లో గుంటూరునకు వచ్చిన డాక్టరు అన్నా కుగ్లరు స్త్రీలకు శిశువులకు వైద్యము ప్రారంభించి, 1898లో నాసుపత్రిని తెరచెను. అచట తెలుగు బాలికలు నర్సులుగా తరిఫీదు పొందిరి. మదరాసు రాష్ట్రమున 1926లో నర్సుల, మంత్రసానుల చట్టము వెలువడెను. దానితో నీ వృత్తికి రిజిస్టరును, రిజిస్టరుతో గౌరవమును గలిగెను. 1947లో భారత నర్సింగు కౌన్సిలు చట్టమును, 2023లో జాతీయ నర్సింగు, మంత్రసానిత్వ కమిషను చట్టమును వచ్చినవి. చట్టము లిన్ని పుట్టుటకు గారణము, నేర్వని చేయి రోగిప్రాణమును తీయగలదను నెరుకయే.

ఇక చదువుల వివరము. ఏ.యన్.యమ్. అనునది రెండేండ్లు. జి.యన్.యమ్. మూడేండ్లు, ఇంటరులో నే విభాగము చదివినవారైనను, ఆంగ్లముతో 40 శాతము మార్కులున్నచో నర్హులు. బి.యస్సీ. నర్సింగు నాలుగేండ్లు; దీనికి ఇంటరులో భౌతిక, రసాయన, జీవశాస్త్రములును ఆంగ్లమును చదివియుండవలయును. జి.యన్.యమ్. ముగించి రిజిస్టరైనవారు మరి రెండేండ్లు చదివి పోస్టు బేసిక్ బి.యస్సీ. పట్టము పొందవచ్చును. కావున బి.యస్సీ.లో సీటు రాలేదని యధైర్యపడనక్కరలేదు, జి.యన్.యమ్. మెట్టుగా నెక్కి పట్టమునకు జేరు త్రోవ యున్నది.

ఆన్‌లైను మాటకు వత్తము. విశ్వవిద్యాలయ గ్రాంట్ల కమిషను 2020 నాటి నిబంధనల ప్రకారము, దూరవిద్యచేతను ఆన్‌లైనుచేతను బోధింపగూడని చదువులలో నర్సింగు చేర్పబడియున్నది. ఇది మొండిపట్టుదల గాదు. రెంటచింతల యెండలో వడదెబ్బ తగిలి యాసుపత్రికి వచ్చిన కూలివానికి ఒంటినీరెల్ల నింకిపోయి, సెలైను పెట్టుటకు నరము దొరకదు. దానిని వ్రేలికొనతో వెదకి పట్టుట తెరమీద బొమ్మను జూచి నేర్చు విద్య గాదు. పత్తిచేలలో పాముకాటు తిన్నవానికి మందెక్కించుచున్నప్పుడు శ్వాసలో మార్పును గనిపెట్టుటయు నట్టిదే. పదిమంది రోగులచెంత, తప్పు దిద్దువారు ప్రక్కన నిలిచియుండగా నేర్వవలసిన విద్య యిది.

మాకు తెలిసిన యొక కుటుంబమువారు మిరపకాయలమ్మిన సొమ్ము రెండేండ్లు వరుసగా నొక దళారికి గట్టిరి. చేతికొక పత్రము వచ్చినది. దానిని గొని రిజిస్ట్రేషనునకు బోగా, చెల్లదని త్రిప్పిపంపిరి. సొమ్ము మరల సంపాదింపవచ్చును. ఆ పిల్లకు బోయిన రెండేండ్లు ఎవరు తెచ్చియిత్తురు?

ఈ మోసము మన దేశమునకే పరిమితమని తలపకుడు. అమెరికాలో ఫ్లోరిడాయందలి కొన్ని పాఠశాలలనుండి 7,600కు పైగా బూటకపు నర్సింగు పత్రములు అమ్ముడుపోయినవని 2023 జనవరిలో నచటి ప్రభుత్వము 25 మందిపై నభియోగము మోపినది. అచట ఆన్‌లైను నర్సింగు పట్టములు లేకపోలేదు. అయితే వానిలో బహుళప్రచారము గలవి, అంతకుముందే శిక్షణ పొంది రిజిస్టరైన నర్సులకై యేర్పడినవి. మన దేశమునను ఇందిరాగాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయము దూరవిద్యగా నడిపిన పోస్టు బేసిక్ పట్టము ఉద్యోగమందున్న రిజిస్టర్డు నర్సులకే గాని కొత్తవారికి గాదు. చేయి నేర్చినవానికి పుస్తకము దూరమునుండి రావచ్చును. చేయి మాత్రము దూరమునుండి రాదు.

కావున కళాశాల నెన్నుకొనునపుడు ఈ యైదు ప్రశ్నలు వేయుడు.

ఒకటి: అది యే విశ్వవిద్యాలయమునకు చెందినది? మన రాష్ట్రమున బి.యస్సీ. నర్సింగు కళాశాలలకు విజయవాడలోని డాక్టర్ ఎన్.టి.ఆర్. ఆరోగ్య విశ్వవిద్యాలయపు అనుబంధము ముఖ్యము.

రెండు: రాష్ట్ర నర్సింగు కౌన్సిలుయొక్కయు, భారత నర్సింగు కౌన్సిలుయొక్కయు జాబితాలలో దాని పేరు ఈ సంవత్సరమునకు గలదా? గోడమీది పాత పత్రము చాలదు. పొరుగు రాష్ట్రమునకు బంపువా రచటి కౌన్సిలును గూడ విచారింపవలయును.

మూడు: దానికి సొంత యాసుపత్రి గలదా? మంచములపై రోగులున్నారా? విద్యార్థి యొకరికి ముగ్గురు రోగులుండవలయునని కౌన్సిలు నియమము. భవనమును జూచి మురిసిపోక, ఉదయమున వార్డులోనికి బోయి చూడుడు.

నాలుగు: నాలుగేండ్ల మొత్తము ఖర్చెంత? బోధనరుసుము, హాస్టలు, పరీక్షలు, యూనిఫారము, ఆసుపత్రికి బోవు బస్సు, అన్నియు కాగితముపై వ్రాయించుకొనుడు. అసలు సర్టిఫికేట్లు వారివద్ద నుంచుకొని, నడుమ మానినచో మొత్తము కట్టుమందురేమో ముందే యడుగుడు.

ఐదు: నిరుడు చదువు ముగించినవారెచట బని చేయుచున్నారు? వారిలో నిద్దరితో మాటలాడకుండ సొమ్ము గట్టకుడు. విదేశములకు బంపుదుమను మాటకు లొంగకుడు. అచటి లైసెన్సు పరీక్షయు, భాషాపరీక్షయు ఎవరికి వారు నెగ్గవలసినవే.

పోషకులకు మా విన్నపములు మూడు. పై యైదు ప్రశ్నలకు వ్రాతమూలకమైన సమాధానములు వచ్చినగాని నిధినుండి యొక్క రూపాయియు విడుదల చేయకుడు. సహాయమును దళారి చేతికిగాని తండ్రి చేతికిగాని యీయక, నేరుగా కళాశాలకు జెల్లింపుడు. మొదటి సంవత్సరము మాత్రమే యిచ్చి విడువక, నాలుగేండ్లకును హామీ పడుడు. నడుమ నాగిన చదువు అప్పును మిగుల్చును గాని ఉద్యోగము నీయదు.

తుదిగా నొక మాట. మాచర్లలో చాపకూడు నడిపిన బ్రహ్మనాయుని సీమ మనది. కులసంఘముగా గూడిన మనము, మన నిధితో చదివిన బిడ్డ రేపు నరసరావుపేటలోనో గురజాలలోనో వార్డులో నిలిచినపుడు, మంచముమీద నున్నవాడెవరని యడుగరాదని ముందుగనే యామెకు జెప్పి పంపవలయును. ఆమె సేవ యెల్లవారిదియైన నాడే మన యీవి సార్థకము. దరఖాస్తులు బల్లపై నున్నవి. తల్లిదండ్రులు సభానంతరము మా వద్దకు వచ్చినచో, వారు తెచ్చిన ప్రకటనపత్రములను వారితో గూడ గూర్చుండి చదివి చెప్పుటకు మేము సిద్ధముగా నున్నాము.