గ్రంథాలయమునకు క్రొత్త పుస్తకములు: పంచాయతీల బాధ్యత
(కుసుమంచి ప్రాంత గ్రామ పంచాయతీ సభ్యుల నుద్దేశించిన ప్రసంగ పాఠము)



పంచాయతీ సభ్యులు కూడిన చోట వీధి దీపములు, మురుగు కాలువలు, త్రాగు నీరు మొదలగు వానిని గూర్చియే సాధారణముగా ప్రసంగములు సాగుచుండును. అవి ముఖ్యములే. నేడు మాత్రము మేము మరియొక విషయమును మీ ముందుంచ దలచితిమి. అది గ్రంథాలయమునకు క్రొత్త పుస్తకములు వచ్చుటను గూర్చినది. ఇది పంచాయతీ పనిగా పైకి కనుపింపదు. కాని మీ యింటి పన్ను రసీదు నొకమారు తీసి చూడుడు. ఇంటి పన్నుతో పాటు గ్రంథాలయ పన్ను అను వేరొక పద్దు అందు కనుపించును. గ్రంథాలయపు బల్లపైకి వచ్చు క్రొత్త పుస్తకము ఆ పద్దు నుండియే బయలుదేరుచున్నది.

కుసుమంచి వారికి కాలువల సంగతి మేము చెప్పనక్కరలేదు. నాగార్జునసాగరు ఎడమ కాలువ నీరు పాలేరు జలాశయమున నిలిచి, అచ్చటి నుండి దిగువ భూములకు సాగుచున్నది. జలాశయము నిండుగా నున్నను, పిల్ల కాలువలో పూడిక తీయకున్నచో చివరి మడి తడవదు. పుస్తకముల సంగతియు అట్టిదే. దేశమున పుస్తకములకు కొరత లేదు. మన ఊరి చివరి యింటి బిడ్డ చేతికి పుస్తకము చేరుచున్నదా లేదా యనునదే ప్రశ్న.

పుస్తకము చేరుట యెంత కష్టమో మన ప్రాంతపు చరిత్రయే చెప్పుచున్నది. మనకు పొరుగున నున్న మునగాల సంస్థానమున దివానుగా పని చేసిన కొమర్రాజు వేంకట లక్ష్మణరావు గారు, ఆ సంస్థానాధిపతి నాయని వేంకట రంగారావు గారు, రావిచెట్టు రంగారావు గారు మొదలగు వారు కలిసి 1901 సెప్టెంబరు 1వ తేదీన హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయమును స్థాపించిరి. నాడు తెలుగు పుస్తకము హైదరాబాదు నగరముననే అరుదు. 1904లో హనుమకొండయందు రాజరాజ నరేంద్రాంధ్ర భాషానిలయము వెలసెను. అటు కోస్తా ప్రాంతమున అయ్యంకి వెంకటరమణయ్య గారు 1914లో బెజవాడయందు గ్రంథాలయ ప్రతినిధుల మహాసభను జరిపించిరి. పాతూరి నాగభూషణము గారు 1935లో పడవపై పుస్తకములనుంచి కాలువ గట్టు గ్రామములకు పంపిరి.

మన తెలంగాణమున పడవ సాగు కాలువలు లేవు. ఇచ్చట పుస్తకము మనుష్యుని భుజముపై వచ్చినది. వట్టికోట ఆళ్వారుస్వామి గారు భోజనశాలలో పని చేసి పొట్ట పోసికొన్నవారు. వారు 1938లో దేశోద్ధారక గ్రంథమాలను స్థాపించి, పుస్తకములను స్వయముగా మోసికొని ఊరూరను తిరిగి ప్రజల కందించిరి. సభ జరుపుకొనుటకు కూడ సర్కారు అనుమతి వలసిన దినములవి. అటువంటి దినములలో వారు నడిచి తెచ్చిన దానిని నేడు మనము రోడ్డు, మోటారు ఉండియు తెప్పించుకొనలేకున్నచో, ఆ లోపము దూరముది కాదు.

గ్రంథాలయము దాతల దయపై గాక చట్టముపై నిలువవలెనను తలంపు తరువాత వచ్చినది. మన ప్రాంతమునకు ఇందొక విశేషము కలదు. కుసుమంచి నాడు హైదరాబాదు రాష్ట్రములోనిది. భద్రాచలము 1959 వరకు తూర్పు గోదావరి జిల్లాలోనిది. కనుక అటువైపు 1948 నాటి మద్రాసు గ్రంథాలయ చట్టమును, ఇటువైపు 1955 నాటి హైదరాబాదు గ్రంథాలయ చట్టమును ఉండెను. 1960లో ఆంధ్రప్రదేశ్ పౌర గ్రంథాలయముల చట్టము వచ్చి రెండు ప్రాంతములకును ఒకే పద్ధతి నేర్పరచెను. జిల్లా గ్రంథాలయ సంస్థలును, స్థానిక సంస్థలు వసూలు చేయు గ్రంథాలయ పన్నును ఆ పద్ధతికి ఆధారములు. 2014లో తెలంగాణ రాష్ట్ర మేర్పడిన పిమ్మటను అదే పద్ధతి సాగుచున్నది.

ఇక లెక్కకు వత్తము. గ్రంథాలయ పన్ను ఇంటి పన్నులో రూపాయికి 8 పైసలు. 500 రూపాయలు ఇంటి పన్ను చెల్లించు గృహస్థు గ్రంథాలయమునకై 40 రూపాయలు చెల్లించుచున్నాడు. ఒక పంచాయతీ ఏడాదికి 2 లక్షల రూపాయల ఇంటి పన్ను వసూలు చేసిన దనుకొందము. అందుపై గ్రంథాలయ పన్ను 16,000 రూపాయలు. పుస్తక మొక్కంటికి 200 రూపాయల చొప్పున చూచినచో అది 80 పుస్తకముల వెల. ఆ సొమ్మంతయు పుస్తకములకే పోవునని మేము చెప్పుట లేదు. వార్తాపత్రికలు, భవనము, బల్లలు, విద్యుత్తు మొదలగు ఖర్చులును గ్రంథాలయమున కుండును. అయినను, సొమ్ము జిల్లా గ్రంథాలయ సంస్థకు చేరనప్పుడు మొదట ఆగిపోవునది క్రొత్త పుస్తకమే. దీపము వెలుగకున్న పాఠకు డడుగును. పత్రిక రాకున్న అడుగును. రాని పుస్తకమును గూర్చి మాత్ర మెవ్వరు నడుగరు. అది వచ్చి యుండవలసినదని వారికి తెలియదు గదా!

సభ్యులలో కొందరికి కలుగు సందేహము మేమెరుగుదుము. “వీధి దీపముల బిల్లులకే చాలని పంచాయతీ, ఈ సొమ్మును వేరొకరికి పంపనేల?” అని వారందురు. సందేహము సహజమే. కాని ఆ 8 పైసలు పంచాయతీ ఆదాయము కాదు. గృహస్థు దానిని గ్రంథాలయమునకని వేరుగా ఇచ్చినాడు. పంచాయతీ రసీదు వ్రాసి పుచ్చుకొన్నది. అది పంచాయతీ చేతి మీదుగా పోవలసిన సొమ్ము. వేరొక ఖర్చునకు వాడినచో ఆ రసీదుకు విలువ లేకపోవును.

మరికొందరు, “పన్ను మా ఊరిది, గ్రంథాలయము మండల కేంద్రమున నున్నది, మాకేమి లాభము?” అని అడుగుదురు. ఇది న్యాయమైన ప్రశ్న. దీనికి జవాబు పన్ను నాపుట కాదు, పుస్తకమును రప్పించుకొనుట. శాఖా గ్రంథాలయము లేని గ్రామములకు పుస్తక నిక్షిప్త కేంద్రము లను ఏర్పాటు కలదు. ఊరిలో నొక గది, ఒక బీరువా, బాధ్యత వహించు వ్యక్తి యున్నచో, కొన్ని పుస్తకములను అచ్చట నుంచి, కొంత కాలమునకు మార్చుచుండవచ్చును. దానిని కోరుచు పంచాయతీ తీర్మానము చేసి జిల్లా గ్రంథాలయ సంస్థకు పంపవలెను. పన్ను బకాయి లేని పంచాయతీ తల యెత్తి అడుగగలదు.

పుస్తకములు రెండు మూడు దారుల వచ్చును. జిల్లా సంస్థ తన నిధులతో కొనునవి కొన్ని. 1972లో కలకత్తాయందు నెలకొల్పబడిన రాజా రామమోహనరాయ్ గ్రంథాలయ సంస్థ సహాయమున వచ్చునవి కొన్ని. దాత లిచ్చునవి మరికొన్ని. కట్ట విప్పిన వెంటనే పుస్తకము పాఠకునికి పోదు. గ్రంథపాలకుడు దానిని రిజిస్టరులో నెక్కించి పరిగ్రహణ సంఖ్య నిచ్చును, ముద్ర వేయును, తేదీ చీటీ అంటించును, విషయము ననుసరించి వర్గ సంఖ్య వ్రాయును. దశాంశ పద్ధతిలో 630 వ్యవసాయము, 610 వైద్యము, 800 సాహిత్యము, 900 చరిత్ర, భూగోళము. ఈ యంకెలు తెలిసిన పాఠకుడు ఎవ్వరి నడుగకయే తన పుస్తకమును వెదకికొనగలడు.

“ఉన్న పుస్తకములే చదువువారు లేరు, క్రొత్తవి యేల?” అను మాటయు కలదు. కథలు, కావ్యములు పాతబడవు. కాని పని నేర్పు పుస్తకములు పాతబడును. మన జిల్లా రైతులకు 2021లో మిరప తోటలపై పడిన నల్ల తామర పురుగు జ్ఞాపకముండకపోదు. అంతకు పూర్వము వ్రాసిన మిరప సాగు పుస్తకమున ఆ పురుగు పేరు వెదకిన దొరకదు. 1994 నాటి పంచాయతీ చట్టపు పుస్తకమును నమ్ముకొన్న సభ్యుడు 2018 చట్టము క్రింద తన విధు లేవో తెలిసికొనలేడు. 2016కు ముందటి జిల్లా పటములో భద్రాచలము ఖమ్మము జిల్లాలోనే యుండును. నేడది భద్రాద్రి కొత్తగూడెము జిల్లాలోనిది. ఉద్యోగ పరీక్షకు చదువు యువకుడు అట్టి పటమును నమ్మిన ఒక మార్కు పోగొట్టుకొనును. ఒక్క మార్కుతో ఉద్యోగము పోవుట మన మెరుగనిది కాదు. అడవి అంచు గ్రామముల వారికి 2006 నాటి అటవీ హక్కుల చట్టము తేట తెలుగున చేతి కందుట, పట్టా సంగతి ఇతరుల నోట వినుటకంటె ఎంతయో మేలు.

ఇక పుస్తకము వచ్చిన తరువాతి మాట. గ్రంథాలయ శాస్త్రమునకు ఐదు సూత్రముల నేర్పరచిన రంగనాథన్ గారు 1931లోనే ఉపయోగమును అన్నిటికంటె ముందుంచిరి. తాళము వేసిన బీరువాలోని పుస్తకము, ధాన్యము మొలకెత్తని గాదెలోని విత్తనము వంటిది. నేడు శాఖా గ్రంథాలయములలో ఎక్కువగా కనుపించువారు పరీక్షలకు చదువు యువకులు. వారు రావలసినదే. వారికి గాలి, వెలుతురు, కూర్చుండ చోటు చాలినంత యుండవలెను. కాని స్త్రీలు, పిల్లలు, వృద్ధులు అంతగా రాకుండుటకు కారణ మేమని పంచాయతీ విచారింపవలెను. పదవ తరగతి చదివి యింట నిలిచిన ఆడపిల్ల మండల కేంద్రమునకు రాలేకపోవచ్చును. ఆమె పేర సభ్యత్వము తీసికొని పుస్తకమును ఇంటికి చేర్చుట ఆమె తండ్రికో అన్నకో కష్టమైన పని కాదు. మహిళా సంఘముల సమావేశమునకు పది పుస్తకములు తీసికొనిపోవుట అంతకంటెను సులభము.

కనుక మీకు మేము చేయు మనవి స్వల్పము. పంచాయతీ సమావేశమున గ్రంథాలయ పన్ను ఎంత వసూలైనది, ఎంత పంపబడినది అను రెండంకెలను కార్యదర్శిచే చదివించుడు. క్రొత్త పుస్తకములు వచ్చినపుడు వాని పట్టికను గ్రంథపాలకుని నుండి తెప్పించి పంచాయతీ కార్యాలయపు గోడపై అంటించుడు. గ్రామసభలో చదివి వినిపింపుడు. మీ ఊరికి వలసిన పుస్తకములేవో అడిగి తెలిసికొని, ఆ పేర్లను వ్రాసి పంపుడు. ఏడాదిలో ఒకమారైన సభ్యులందరును గ్రంథాలయమునకు పోయి, ఆ యేడు వచ్చిన పుస్తకములను కన్నులార చూడుడు. నవంబరు 14 నుండి 20 వరకు జరుగు గ్రంథాలయ వారోత్సవములు అందుకు తగిన సమయము.

కాకతీయుల నాటి శిల్పులు ఈ కుసుమంచియందు గణపేశ్వరాలయమును, ముక్కంటేశ్వరాలయమును నిలిపిపోయిరి. అవి తరతరములకు నిలుచునట్లు రాతితో కట్టినవి. పుస్తకము కాగితముతో చేసినది. ఏటేటను క్రొత్తది రావలెను. ఆ రాకడను ఆపకుండ కాపాడు భారము నేడు పంచాయతీలపై నున్నది. రూపాయికి 8 పైసలు చెల్లించిన ప్రతి గృహస్థును, “నా పుస్తకమెక్కడ?” అని మిమ్ము నడుగుటకు హక్కు గలవాడు. అతడు అడుగక ముందే దానిని చూపగలుగు పంచాయతీలు మన ప్రాంతమున అధికము కావలెనని కోరుచున్నాము.