కార్డు మీద రాసే తేదీ

పట్టా అందుకున్న మిమ్మల్ని ఈరోజు నుంచి ఊరు డాక్టరని పిలవబోతోంది.

తిరుపతిలో పశువైద్య కళాశాల 1955లో మొదలైంది. ఇక్కడ చదివి వెళ్లినవాళ్లు రాయలసీమ ఊళ్లలో ఆవులనూ గొర్రెలనూ ఎలా కాపాడారో మీ గురువులు చెప్పే ఉంటారు. నేను ఒక చిన్న ప్రశ్న దగ్గరే ఆగుతాను. పెద్ద కుక్కకు టీకా ఎన్నాళ్లకోసారి వేయించాలి? ఎవరి దగ్గర వేయించాలి? రేపు ఆసుపత్రిలో కూర్చున్న మర్నాటి నుంచే ఈ రెండూ మిమ్మల్ని అడుగుతారు.

నేను పనిచేసిన తంబళ్లపల్లెలో మల్లయ్యకొండ చుట్టూ గొర్రెల మందలుంటాయి. మంద వెంట కుక్క ఉంటుంది. రాత్రి దొడ్డికి కాపలా అదే, నక్క వస్తే కలబడేదీ అదే. పుట్టిన దగ్గర నుంచి ఒక్క సూది కూడా పడని మందకుక్కలను నేను చాలా చూశాను. అదే బస్సెక్కి మదనపల్లెకు వస్తే, ఇంట్లో పెంచే లాబ్రడార్‌కు ఏటా పేరున్న టీకాలన్నీ వరసగా పడుతుంటాయి. ఒకచోట అక్కరకు మించి, ఇంకోచోట అక్కరకైనా లేక. ఈ రెండు తప్పులూ సరిచేయాల్సింది మీరే.

పార్వో, డిస్టెంపర్, అడినో వైరస్ టీకాల సంగతి చూడండి. కుక్కపిల్లకు ఆరు నుంచి ఎనిమిది వారాల మధ్య మొదలుపెట్టి, రెండు నుంచి నాలుగు వారాలకోసారి వేస్తూ పోతాం. తల్లి ముర్రుపాల ద్వారా అందిన రక్షణ టీకాను పనిచేయనివ్వదు. అది ఏ పిల్లలో ఎప్పుడు తగ్గుతుందో చెప్పలేం కాబట్టి చివరి డోసు 16 వారాలు నిండాకే పడాలి. ఆరు నెలలు దాటాక, ఏడాది లోపల మరొకటి. అక్కడి నుంచి మూడేళ్లకోసారి కంటే తరచుగా అవసరం లేదని ప్రపంచ చిన్న జంతువుల పశువైద్య సంఘం చెబుతోంది. అమెరికాలో విస్కాన్సిన్ విశ్వవిద్యాలయ ఆచార్యుడు రొనాల్డ్ షుల్ట్జ్ ఏళ్ల తరబడి చేసిన పరిశోధన ఈ మాటకు బలం. బలహీనపరిచిన సజీవ వైరస్‌తో చేసిన టీకాను ఒంట్లోని రోగనిరోధక కణాలు చాలా ఏళ్లు గుర్తుపెట్టుకుంటాయి. అనుమానముంటే రక్తపరీక్ష ఉంది.

లెప్టోస్పైరోసిస్ లెక్క వేరు. ఎలుకల మూత్రం కలిసిన నీళ్ల నుంచి కుక్కకూ మనిషికీ సోకే ఈ జబ్బుకు చంపిన సూక్ష్మజీవులతో టీకా చేస్తారు. దాని రక్షణ దాదాపు ఏడాదే, కాబట్టి ఏటా వేయాలి. బజార్లో అన్నీ కలిపిన సీసాలే ఎక్కువ దొరుకుతాయి. ఏది ఏడాదికి, ఏది మూడేళ్లకు అన్నది మీరు కార్డులో విడివిడిగా రాస్తేనే యజమానికి అర్థమవుతుంది.

ఇక రేబిస్. పిల్లకు మూడు నెలలు నిండాక మొదటిది, ఏడాదికి రెండోది. ఆ పైన మూడేళ్లు పనిచేసే టీకాలు ప్రపంచంలో ఉన్నాయి. అయినా రేబిస్ తిరుగుతున్న మన ఊళ్లలో ఏటా వేయడమే ఆనవాయితీ. సీసా మీద రాసిన గడువునూ స్థానిక నిబంధననూ దాటకండి. ఇక్కడ సూది కుక్కకు పడినా, కాపాడేది ఇంటి పిల్లలను. లక్షణాలు బయటపడ్డాక రేబిస్‌కు వైద్యం లేనట్టే. ప్రపంచంలో ఏటా దాదాపు 59,000 మంది దీంతో చనిపోతున్నారని అంచనా. మనుషులకు సోకే రేబిస్‌లో నూటికి 99 పాళ్లు కుక్క ద్వారానే.

1885లో పాశ్చర్ జోసెఫ్ మైస్టర్ అనే కుర్రవాడికి రేబిస్ టీకా వేయించాడు. 1907లో కూనూరులో పాశ్చర్ సంస్థ వచ్చాక దక్షిణాది వాళ్లకు ఆ వైద్యం దగ్గరైంది. బొడ్డు చుట్టూ వేసే సూదుల మాట మీ తాతలనడగండి, ఇప్పటికీ ఉలిక్కిపడతారు. మెదడు కణజాలంతో చేసే ఆ పాత టీకాను మన దేశం 2004 చివర్లో ఆపేసింది. మనిషికి మంచి టీకా వచ్చింది, కుక్కకూ వచ్చింది. ఊళ్లోని కుక్కల్లో 70 శాతానికి టీకా పడి, అది ఏటా నిలబడితే రేబిస్ గొలుసు తెగుతుంది. 2030 నాటికి కుక్కకాటు రేబిస్‌తో ఒక్క మనిషీ చనిపోకూడదని ప్రపంచం పెట్టుకున్న లక్ష్యాన్ని మన దేశం కూడా 2021లో తన కార్యప్రణాళికగా రాసుకుంది. ఆ 70 శాతంలోకి మందకుక్క రాకపోతే లెక్క ఎప్పటికీ కుదరదు.

ఒక గొర్రెల కాపరి నన్ను అడిగాడు: "పోయినేడు ఏసినారు గదా సార్, మళ్లా ఎందుకు?" కసిరి పంపేయడం తేలిక. నేను ఆయన పక్కన అరుగు మీద కూర్చుని, "ఇది పిచ్చికుక్క జబ్బుకు, దీని బలం ఏడాదే అనుకుందాం. అది మాత్రం వేరే జబ్బుకు, మూడేళ్లదాకా అక్కర్లేదు, డబ్బు దండగ" అన్నాను. మరుసటి వారం ఆయన ఇంకో ముగ్గురు కాపరులను వెంటబెట్టుకొచ్చాడు. వద్దన్న సూది నమ్మకం తెచ్చింది, వేయాల్సిన సూదిని ఆ నమ్మకమే వేయించింది.

డాక్టరును ఎలా ఎంచుకోవాలని జనం అడిగితే నేను చెప్పేవి కొన్నే. రాష్ట్ర పశువైద్య మండలిలో నమోదు ఉందా? సూది తీసే ముందు జ్వరం, చిగుళ్లు, బరువు చూస్తున్నాడా? సీసాను 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచిన ఫ్రిజ్‌లోంచి మన కళ్ల ముందు తీస్తున్నాడా? సీసా మీది చీటీని కార్డుకు అంటించి, బ్యాచ్ నంబరు, మళ్లీ రావాల్సిన తేదీ రాస్తున్నాడా? ముఖం వాస్తుందేమో, వాంతి అవుతుందేమో, అరగంట ఇక్కడే ఉండమంటున్నాడా? తనవల్ల కాని కేసును తిరుపతికి పంపిస్తాడా?

పట్నంలో ఇవన్నీ చూసి నలుగురిలో ఒకరిని ఎంచుకుంటారు. తంబళ్లపల్లెలోనో, కుప్పం అవతల పల్లెలోనో ఆ వీలుండదు. ఉన్న ఆసుపత్రి ఒకటే, అందులో ఉండేది మీరే. ఎంచుకునే అవకాశం లేనివాళ్లకు కూడా ఎంచుకుని వచ్చినట్టే వైద్యం దొరకాలి. కరెంటు పోయిన రాత్రి ఫ్రిజ్ ఎంత వేడెక్కిందో ఎవరూ అడగరు. మీరు చూసుకోవాలి. గడ్డకట్టిన రేబిస్ టీకాను పారేయాల్సిందే. బలం పోయిన సూది వేస్తే, అసలు వేయకపోవడం కన్నా ప్రమాదం. ఇంట్లోవాళ్లు రక్షణ ఉందనుకుని ఉండిపోతారు.

అందుకని మిమ్మల్ని నాలుగు కోరుతున్నాను. ముందు మీరు రేబిస్ ముందస్తు టీకా వేయించుకోండి. ఎవరికి కాటు పడ్డా, గాయాన్ని సబ్బూ నీళ్లతో పదిహేను నిమిషాలు కడిగి వెంటనే ఆసుపత్రికి పొమ్మని ప్రతి ఇంటికీ నేర్పండి. కార్డు మీద తేదీ రాసేటప్పుడు జబ్బును, జంతువును, ఊరిని చూసి రాయండి. అమ్ముడుపోయే సీసాలను చూసి రాయకండి. మీరు చేరిన మండలంలో టీకా పడని మందకుక్క ఎక్కడుందో వెతికి, మొదటి సూది దానికి వేయండి.