ఉమ్మడి విపణిలో సరిహద్దు ఊరు

(పాఠశాల ప్లాటినం జూబిలీ సభలో ప్రధానోపాధ్యాయిని చేసిన ప్రసంగ పాఠం)



జూబిలీ సభలో ప్రధానోపాధ్యాయిని పాఠశాల చరిత్ర చదవడం ఆనవాయితీ. ఆ పని ఈ సంచికలో నాకంటె బాగా తెలిసిన పెద్దలు చేసినారు. నేను అర్థశాస్త్రం చదివి, బి.ఎడ్. చేసి బడిలోకి వచ్చినదానను కనుక ఒక అర్థశాస్త్ర విషయమే ఎంచుకొన్నాను. దానికి కారణం ఒక తండ్రి. కిందటి జూన్ నెలలో మూడవ తరగతి చదివే కూతురికి బదిలీ పత్రం కావాలని వచ్చినాడు. "అమ్మా, బడిమీద నాకు కోపం లేదు. అయితే తమిళనాట ఉంటూ తెలుగులో చదివిన పిల్లకు రేపు సంతలో ఏమి విలువ?" అన్నాడు. పత్రం ఇచ్చినాను, జవాబు ఇవ్వలేకపోయినాను. ఈ ప్రసంగం ఆయనకు నేను బాకీపడిన జవాబు.

ముందు మన సంత సంగతి చూద్దాము. డాక్టర్ సర్వేపల్లి రాధాకృష్ణన్ గారు 1888లో తిరుత్తణిలో జన్మించినారు. ఇక్కడ, తిరుపతిలో, వేలూరులో, మద్రాసులో చదివినారు. ఆ ఊళ్ళన్నీ అప్పుడు ఒకే మద్రాసు రాజధానిలోనివి. 1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు తిరుత్తణి చిత్తూరు జిల్లాతో పాటు అటు పోయినది. తమిళుల పక్షాన మ.పొ. శివజ్ఞానం గారి వంటి నాయకులు ఉద్యమించినారు, తెలుగువారు తమ వాదం తాము వినిపించినారు. పటాస్కర్ గారి సిఫారసులపై 1959లో చట్టం వచ్చినది. 1960 ఏప్రిల్ 1 నుండి తిరుత్తణి తాలూకాలో అధిక భాగం మద్రాసు రాష్ట్రానికి, పొన్నేరి, తిరువళ్ళూరు తాలూకాలలోని సత్యవేడు ప్రాంతం ఆంధ్రప్రదేశ్‌కు మారినవి. ఉమ్మడి మద్రాసులో పుట్టిన మన బడి పదేళ్ళు నిండీ నిండకముందే, కూర్చున్న చోటు నుండి కదలకుండానే, రెండుమార్లు రాష్ట్రం మారినది.

గీత మారినా బంధుత్వాలు మారలేదు. మా మేనమామ నగరి వైపు ఉండేవారు. నా చిన్నతనంలో ఒక వేసవిలో ఆయన మామిడికాయలు లారీకెత్తించి మద్రాసు కొత్వాల్ చావడికి పంపినారు. దారిలో ఒక చెక్‌పోస్టులో ఏదో కాగితం తక్కువైనదని రాత్రంతా బండి నిలిపివేసినారు. చావడికి చేరేసరికి బేరం అయిపోయినది, అడుగు గంపలలోని కాయలు మెత్తబడినవి. ఆ సంవత్సరం మా అత్తయ్యకు పండుగ చీర లేదు. మన రాజ్యాంగం 301వ అధికరణం దేశమంతటా వ్యాపారం స్వేచ్ఛగా సాగవలెనని చెప్పుతున్నదని బి.ఏ.లో చదివినప్పుడు నాకు ముందుగా జ్ఞాపకం వచ్చినవి ఆ గంపలే. దేశం ఒకటే, కాని విపణి ఒకటి కాదు. అమ్మకపు పన్ను రాష్ట్రానికొకటి, దానికి కాపలాగా సరిహద్దుకొక వెదురుబొంగు.

ఆ బొంగు 2017 జూలై 1న లేచినది. వస్తు సేవల పన్ను వచ్చి వాణిజ్య పన్నుల చెక్‌పోస్టులు మూతపడినవి. ఒక పెద్ద ఉమ్మడి విపణిలో చేరితే చిన్న ఆర్థిక వ్యవస్థకు ఏమవుతుందో చూడడానికి మనకంటె ముందు ఆ దారి నడిచిన దేశం ఒకటి ఉన్నది. అది ఐర్లండు.

ఐర్లండు 1973 జనవరి 1న ఐరోపా ఆర్థిక సమాజంలో చేరినది. అప్పుడు దాని జనాభా సుమారు 30 లక్షలు. 2011 లెక్కలలో మన తిరువళ్ళూరు జిల్లా జనాభాయే 37 లక్షలు దాటినది, కనుక పోలిక మరీ దూరమైనది కాదు. ఆనాడు వారి ఎగుమతులలో సగానికి పైగా ఒక్క బ్రిటన్‌కే పోయేవి. చేరిన వెంటనే రైతుకు మంచి ధర దొరికినది. కాని సుంకాల గోడ చాటున బ్రతికిన చెప్పుల కర్మాగారాలు, బట్టల మిల్లులు, కార్లు బిగించే షెడ్లు ఒక్కొక్కటిగా మూతపడినవి. 1980ల నడుమ పనిలేనివారు నూటికి పదహారు, పదిహేడు మంది. యువకులు మళ్ళీ ఓడలెక్కినారు. విపణి తలుపు తెరిస్తే బయటి సరుకు ముందుగా లోపలికి వస్తుంది. మన సరుకు బయటికి పోవడానికి కాలం పడుతుంది.

ఆ కాలంలో వారిని నిలబెట్టిన వాటిలో ఒకటి, ఉపాధ్యాయురాలినిగా నాకు మిక్కిలి ఇష్టమైనది, 1967లో మొదలుపెట్టిన ఉచిత మాధ్యమిక విద్య. ఆ బడులలో చదివిన పిల్లలు పెరిగి పెద్దవారయ్యేనాటికి 1993లో ఐరోపా ఏక విపణి పూర్తి అయినది, ఉత్తర ఐర్లండు సరిహద్దున సుంకపు చావడులు ఎత్తివేసినారు. అమెరికా సంస్థలు ఐరోపా అంతటికీ అమ్మడానికి ఐర్లండులో కర్మాగారాలు పెట్టినవి. తక్కువ పన్ను ఒక కారణం, చదువుకొన్న పిల్లలు మరొక కారణం. ఒక్క బ్రిటన్‌ మీద ఆధారపడడం తగ్గినది. దెబ్బలు తగలకపోలేదు. 2008లో బ్యాంకులు కూలి, 2010లో ఐరోపా దగ్గర, అంతర్జాతీయ ద్రవ్యనిధి దగ్గర అప్పు తెచ్చుకొన్నారు. అయినా 2020లో బ్రిటన్ కూటమి వదిలిపోయినప్పుడు, భూసరిహద్దున మళ్ళీ చావడి పెట్టకూడదని వారు పట్టుబట్టి సాధించుకొన్నారు. చావడి అంటే ఏమిటో ఎరిగినవారి పట్టుదల అది.

మళ్ళీ మన గడపకు వద్దాము. పొదటూరుపేటలో, పళ్ళిపట్టులో, అటు నగరిలో, పుత్తూరులో ఒకే మగ్గం చప్పుడు వినిపిస్తుంది. 2017కు ముందు బట్టకు చాలాచోట్ల అమ్మకపు పన్ను లేదు, తరువాత నూటికి ఐదు వచ్చినది. అంతకంటె చిక్కు మరొకటున్నది. సొంత రాష్ట్రంలో అమ్మే చిన్న వర్తకుడు వ్యాపారం ఒక పరిమితి దాటేవరకు పన్నుల శాఖలో నమోదు కానక్కరలేదు. చేతిమగ్గం వంటి కొన్ని సరుకుల మినహాయింపులు పోగా, పన్ను పడే సరుకు రాష్ట్రం దాటించినవాడు మాత్రం పది వేలకు అమ్మినా నమోదు కావలసినదే. పొదటూరుపేట మరమగ్గం యజమానికి ఎంతో దూరాన ఉన్న కన్యాకుమారిలో అమ్మడం సులభం, పక్కనున్న నగరిలో అమ్మడం కష్టం! వెదురుబొంగు రోడ్డు మీది నుండి లేచి కంప్యూటరు తెర మీద వాలినదని నా అభిప్రాయం. అక్కడ దానిని ఎత్తగలిగేది చదువుకొన్న చెయ్యి ఒక్కటే.

పన్నుల మండలిలో మాత్రం చిన్నవారికి గౌరవం దక్కినది. రాష్ట్రాల ఓట్లన్నిటికీ ఒకే తూకం, పుదుచ్చేరి ఓటు తమిళనాడు ఓటుకు తీసిపోదు. అయితే వస్తువు ఎక్కడ తయారైనదో అక్కడికి కాక ఎక్కడ వాడినారో అక్కడికి పన్ను పోతుంది. తయారుచేసే తమిళనాడుకు ఆ బెంగ ఉండినది, ఐదేళ్ళ నష్టపరిహారం 2022 జూన్‌తో ముగిసినది.

1960లో మన జిల్లా తాలూకాల నుండి ఆంధ్రకు పోయిన సత్యవేడు ప్రాంతాన్ని చూడండి. 2008 నుండి అక్కడ శ్రీసిటీ పెరిగినది. నేల ఆంధ్రది, ఓడరేవులలో ముఖ్యమైనవి చెన్నై, ఎన్నూరు. పనివారు రెండు వైపుల నుండీ పోతున్నారు. గీత కోసం పోట్లాడిన తాతల మనుమలు ఒకే కంపెనీ బస్సులో పక్కపక్కన కూర్చుంటున్నారు. ఆ బస్సులో ఏ భాష వినిపిస్తుందని ఒక పూర్వవిద్యార్థిని అడిగినాను. "ఎక్కేటప్పుడు తమిళం, దిగేటప్పుడు తెలుగు టీచర్" అన్నాడు.

ఇక ఆ తండ్రి ప్రశ్న. నాకు ఇబ్బంది కలిగించే సంగతి ముందే ఒప్పుకొంటాను. ఐర్లండును విపణిలో నిలిపిన భాష వారి ఐరిష్ కాదు, ఇంగ్లీషు. ఐరిష్‌కు 2007లో ఐరోపా కూటమి అధికారభాష హోదా వచ్చినది, 2022లో అది పూర్తి స్థాయికి చేరినది. హోదా కూటమి ఇవ్వగలిగినది, ఇంట మాట్లాడే నోళ్ళను ఇవ్వలేకపోయినది. కనుక తెలుగు ఒక్కటే వచ్చిన పిల్లకు సంతలో చోటు తక్కువన్న ఆ తండ్రి భయం అబద్ధం కాదు. 2006 చట్టం ప్రకారం మన పిల్లలందరూ తమిళం చదవవలసి వచ్చినప్పుడు మనలో చాలామంది నొచ్చుకొన్నారు, నేనూ నొచ్చుకొన్నాను. ఈనాడు తమిళం వద్దని చెప్పను. కాని తమిళం, ఇంగ్లీషు చెన్నైలో లక్షలమందికి వచ్చును. వాటితో పాటు నగరి వర్తకుని చిట్టా చదివి, పుత్తూరు రైతుతో బేరమాడి, సత్యవేడు కచేరీలో అర్జీ వ్రాయగల పిల్ల ఈ గీత మీదనే దొరుకుతుంది. ఆ తెలుగు వ్రాయడం, చదవడం ఇంట్లో అబ్బదు, బడిలోనే అబ్బుతుంది. ఇంట మాట్లాడుతూ అక్షరం రాని తెలుగు పిల్లలు ఈ జిల్లాలో ఎందరో మీకు తెలియనిది కాదు.

అందుచేత ఈ సోమవారం నుండి ఎనిమిది, తొమ్మిది తరగతులకు శనివారం చివరి పీరియడులో బిల్లు, చిట్టా, అర్జీ, మూడు భాషలలోనూ చదివించి వ్రాయించదలచినాము. సభలో వర్తకులైన పూర్వవిద్యార్థులు చాలామంది ఉన్నారు. మీ వద్దనున్న పాత బిల్లులు, రెండు రాష్ట్రాలవీ, పేర్లు కొట్టివేసి ఆఫీసులో ఇచ్చి పోవలసినదిగా కోరుతున్నాను. ఈ సంచిక ఒక ప్రతి ఆ తండ్రి ఇంటికి నేనే తీసుకొని వెళతాను. ఆయన కూతురు ఇప్పుడు నాలుగవ తరగతి, నాలుగవ తరగతిలో మన బడిలో ఇంకా చోటున్నది.

సెలవు.