పళ్లెం కూడా ఒక అమానతే

సర్వస్తోత్రాలకు అర్హుడు అల్లాహ్ ఒక్కడే. అంతిమ దైవప్రవక్త ముహమ్మద్ (సల్లల్లాహు అలైహి వసల్లం) పైన, వారి కుటుంబీకులపైన, సహచరులపైన శాంతి, శుభాలు అవతరించుగాక!

 

మన మస్జిదులో వెనుక వరుసను ఒకసారి చూడండి. ఒకప్పుడు అక్కడ రెండు మూడు కుర్చీలు ఉండేవి. నేడు ఆ వరుస నిండిపోతోంది. కుర్చీపై నమాజు చేయడం దోషం కాదు. నిలబడలేనివారు కూర్చొని, అదీ చేతకానివారు పడుకొని నమాజు చేసుకోవచ్చని దైవప్రవక్త (స) స్వయంగా సౌలభ్యం కల్పించారు. కనుక వారిని చిన్నచూపు చూసే హక్కు ఎవరికీ లేదు. అయితే నుదురు నేలకు ఆనించి సజ్దా చేయాలని తపిస్తూ, మోకాళ్లు సహకరించక బాధపడే పెద్దలను మేము చూస్తున్నాము. మోకాళ్ల నొప్పులకు కారణాలు అనేకం. కానీ ఆ మోకాళ్లు మోస్తున్న బరువులో కొంత మన పళ్లెంలో నుంచి వచ్చినదే.

మన శ్రీరాంపూర్ బొగ్గుబావుల ఊరు. ఇక్కడి పెద్దలలో చాలామంది సింగరేణిలో దశాబ్దాలపాటు చెమటోడ్చినవారు. తట్టా చెమ్మసు పట్టి బొగ్గు ఎత్తిన రోజులలో ఎంత అన్నం తిన్నా షిఫ్టు ముగిసేలోగా కరిగిపోయేది. పదవీ విరమణతో బాయి దిగడం ఆగింది. పళ్లెంలో అన్నం మాత్రం తగ్గలేదు. వయసు పైబడేకొద్దీ కండ తరుగుతుంది, శరీరానికి కావలసిన శక్తి తగ్గుతుంది. అధికంగా తిన్నది కొవ్వుగా మారి నడుము చుట్టూ చేరుతుంది. మధుమేహానికి, రక్తపోటుకు, గుండెజబ్బుకు అది దారి తీస్తుంది.

సోదరులారా! లావుగా ఉన్నవారందరూ మంచి తిండి తింటున్నారని భావించడం పొరపాటు. పిల్లలు హైదరాబాదులోనో, గల్ఫులోనో ఉంటారు. ఇంట్లో ముసలివారిద్దరే మిగులుతారు. పొద్దున చక్కెర చాయ్, బిస్కెట్లు, మధ్యాహ్నం తెల్లన్నం, తొక్కు, రాత్రికీ అదే. కడుపు నిండుతుంది గాని కండకు పోషణ అందదు. ఒకవైపు బరువు పెరుగుతూ, మరోవైపు బలం తరుగుతుంది.

దివ్య ఖుర్‌ఆన్ రెండవ సూరా 168వ వాక్యంలో అల్లాహ్ ధర్మసమ్మతమైన దానితోపాటు పరిశుద్ధమైన దానిని తినమని ఆదేశించాడు. మనం మాంసం కొనేటప్పుడు 'హలాల్' గురించి అడిగి తెలుసుకుంటాము. దాని పక్కనే ఉన్న 'తయ్యిబ్' అనే మాటను మాత్రం మరచిపోతాము. ఏడవ సూరా 31వ వాక్యం తినడాన్ని, త్రాగడాన్ని అనుమతిస్తూనే మితిమీరడాన్ని వారించింది. హజ్రత్ మిఖ్దామ్ (రజి) ఉల్లేఖనం ప్రకారం, నడుము నిలబెట్టే కొద్దిపాటి ముద్దలు మనిషికి చాలునని, తప్పనిసరైతే కడుపులో మూడవ వంతు ఆహారానికి, మూడవ వంతు నీటికి, మూడవ వంతు శ్వాసకు ఉంచాలని దైవప్రవక్త (స) బోధించారు.

మన హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 1918లో కూనూరులో ప్రారంభమై, 1958లో ఇక్కడికి తరలివచ్చింది. ఆ సంస్థ 2024లో వెలువరించిన ఆహార సూత్రాలు కూడా మితాన్నే నేర్పుతున్నాయి. పళ్లెంలో సగం కూరగాయలు, ఆకుకూరలు, పండ్లు ఉండాలి. రోజుకు ఉప్పు 5 గ్రాములు మించరాదు. పురుషులకు నడుము చుట్టుకొలత 90 సెంటీమీటర్లు, స్త్రీలకు 80 సెంటీమీటర్లు దాటితే జాగ్రత్తపడాలని వైద్యులు చెబుతారు.

దీనికి పెద్ద ఖర్చు అక్కరలేదు. అన్నం కొంత తగ్గించి పప్పు, పుంటికూర, తోటకూర పెంచుదాం. ఒక పూట జొన్నరొట్టె తిందాం. గుడ్డు, చేప, పెరుగు కండను నిలబెడతాయి. చాయ్‌లో చక్కెర తగ్గిద్దాం. శక్తి ఉన్నవారు మస్జిదుకు నడిచే రండి. అయితే పెద్దలారా, ఒక్కసారిగా తిండి మానకండి. కండ కూడా కరిగిపోతుంది. మధుమేహానికి మందులు వాడేవారు నఫిల్ ఉపవాసాలు పాటించే ముందు వైద్యుని సలహా తీసుకోండి.

ఇక ఒక విషయంలో మేమూ దోషులమే. వలీమా దావత్‌లో 'చాలు' అన్న పెద్దాయన పళ్లెంలో మరో గరిటె బిర్యానీ వడ్డించి, దానినే మర్యాద అనుకున్నాము. ఆయనకు మధుమేహమని తెలిసీ డబుల్ కా మీఠా ముందు పెట్టాము. ఆయన మన మాట కాదనలేక తిన్నారు. అతిథిని గౌరవించడమంటే అతని మాట వినడం కూడా. నేటి నుంచి 'చాలు' అన్నవారిని బలవంతం చేయకూడదని నిశ్చయించుకుందాం. యువకులారా! మీ తల్లిదండ్రులకు డబ్బు పంపితే బాధ్యత తీరిపోదు. ఈరోజు ఏమి తిన్నారో ఫోన్ చేసి అడగండి. వీలైనప్పుడు వారి పక్కన కూర్చొని తినండి.

శరీరానికి మనపై హక్కు ఉందని దైవప్రవక్త (స) చెప్పారు. అది మనకు అల్లాహ్ అప్పగించిన అమానతు. దానిని ఎలా కాపాడామో రేపు ఆయన ముందు సమాధానం చెప్పుకోవాలి.

ఓ అల్లాహ్! మా పెద్దలకు ఆరోగ్యాన్ని, మా పళ్లాలలో శుభాన్ని, మా చేతులకు మితాన్ని ప్రసాదించు. కడవరకు నీ ముందు సజ్దా చేసే శక్తిని అనుగ్రహించు. ఆ శక్తి లేనివారి సైగలను సజ్దాగా స్వీకరించు. ఆమీన్.