అటక మీది ఆంప్లిఫైయర్‌ను ప్లగ్గులో పెట్టే ముందు

భద్రాచలం నుంచి మాట్లాడుతున్నాను. ఒకప్పుడు మన చేత్తో సోల్డర్ చేసుకున్న ఆంప్లిఫైయర్లు చాలామంది ఇళ్లలో ఇంకా అటక మీదే ఉన్నాయి. ఎస్‌టీకే ఐసీలవి కొన్ని, టూ ఎన్ 3055 ట్రాన్సిస్టర్లవి కొన్ని. మళ్లీ ఆ పని మీదికి మనసు పోతోందా? మంచిదే. కానీ దించగానే ప్లగ్గులో పెట్టకండి. గోదావరి ఒడ్డు మనది, 2022 జులైలో ఇక్కడ వరద 71 అడుగులు దాటింది. ఇల్లు మునగకపోయినా చెమ్మ తప్పదు కదా. పైగా ఏళ్లతరబడి వాడని ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్లలో లోపలి ఆక్సైడ్ పొర పాడై, కరెంటు లీకవుతుంది.

మన మెకానిక్కుల సీరీస్ బల్బు ఉంది చూడండి, 100 వాట్ల పాత ఫిలమెంట్ బల్బు, దాని ద్వారానే కరెంటు ఇవ్వండి. ఎల్‌ఈడీ పనికిరాదు. బల్బు ఒక్కసారి వెలిగి మసకబారితే సరే. అలాగే వెలుగుతుంటే ఎక్కడో షార్ట్ ఉన్నట్టు, వెంటనే ఆపేయండి. ప్లగ్గు తీశాక కూడా ఫిల్టర్ కెపాసిటర్లలో ఛార్జ్ నిలిచి ఉంటుంది. స్క్రూడ్రైవర్ అడ్డంపెట్టి టప్పుమనిపించే అలవాటు మాత్రం వద్దు బాబూ! 1 కిలో ఓమ్, 5 వాట్ల రెసిస్టర్‌తో నిమిషంసేపు దించి, మీటర్‌తో చూసుకోండి.

అప్‌గ్రేడ్ అంటే నా లెక్కలో ముందు ఆ కెపాసిటర్లే. 25-0-25 ట్రాన్స్‌ఫార్మర్‌కి డీసీ ఒక్కో వైపు 35 వోల్టులు దాటుతుంది. అందుకని 50 వోల్టులవి వేయండి. ఇక స్పీకర్: తగిలించే ముందు అవుట్‌పుట్‌లో డీసీ ఉందేమో కొలవండి. వోల్టుల్లో చూపిస్తే కాయిల్ కాలిపోతుంది. కోన్ చుట్టూ ఫోమ్ రింగు పొడిగా రాలుతోందా? స్పీకర్ పారేయకండి, రింగు ఒక్కటే మార్చొచ్చు. వచ్చే ఎపిసోడ్‌లో అది అతికించి చూపిస్తాను.