ఆక్సిజన్ 3 నిమిషాల 40 సెకన్లు: ఆట అంతరిక్షంలో నాకు చావు తప్పిన కథలు

ఈ రోజు కథ మధ్యలోంచి మొదలుపెడుతున్నాను, ఏమీ అనుకోకండి.

రాత్రి పదకొండున్నర. బయట గాలీ వానా. స్క్రీన్ మీద, పైన కుడి పక్కన అంకెలు తగ్గిపోతున్నాయి. 3:42... 3:41... 3:40. అది నా ఆక్సిజన్. షిప్‌లో ఫ్యూయల్ సున్నా. లోపల లైట్లన్నీ ఆరిపోయాయి. అద్దం బయట చిమ్మచీకటి, దూరంగా నక్షత్రాలు. భూమికి 4,000 కాంతి సంవత్సరాల అవతల ఉన్నాను. మనిషిని మాత్రం అంబాజీపేటలో మా మేడమీద గదిలో, లుంగీ కట్టుకుని కూర్చున్నాను.

సరిగ్గా అప్పుడే కరెంటు పోయింది.

నా జీవితంలో ఇంత మంచి టైములో కరెంటు పోవడం ఎప్పుడూ చూళ్ళేదండి. ఎందుకో చెబుతాను. దానికి ముందు ఈ ఆట గురించి రెండు ముక్కలు.

ఆట పేరు ఎలీట్ డేంజరస్. 2014 డిసెంబర్‌లో వచ్చింది. ఇంగ్లండ్‌కి చెందిన ఫ్రాంటియర్ డెవలప్‌మెంట్స్ చేసింది. ఇందులో మన పాలపుంతని అసలు సైజులో పెట్టారు. సుమారు 40,000 కోట్ల నక్షత్ర వ్యవస్థలు. ఫోన్‌లో ఆడేది కాదు, నేను పీసీ మీద ఆడతాను. యుద్ధాలు చేసుకోవచ్చు, వ్యాపారం చేసుకోవచ్చు. లేదంటే నాలాగా ఎవరితో గొడవ లేకుండా ఊళ్ళు తిరిగినట్టు నక్షత్రాలు తిరగొచ్చు.

ఇక్కడ ఒక రూల్ ఉంది. ఈ రోజు కథంతా దాని మీదే నడుస్తుంది, కొంచెం గుర్తుపెట్టుకోండి. ఎవరూ చూడని గ్రహాన్ని మీరు మొదట చూశారనుకోండి. దాని వివరాల్లో 'మొదట కనుగొన్నది ఫలానా కమాండర్' అని మీ పేరు పడుతుంది. ప్రపంచంలో ఏ ప్లేయర్ అక్కడికొచ్చినా ఆ పేరు కనబడుతుంది. కానీ చూడగానే పడదు. ఆ డేటా మోసుకుని వెనక్కొచ్చి, స్టేషన్‌లో అమ్మాలి. అప్పుడే పడుతుంది. దారిలో షిప్ పేలిందా, అమ్మని డేటా మొత్తం పోయినట్టే. షిప్‌కి ఇన్సూరెన్స్ ఉంది, కొంచెం డబ్బు కడితే కొత్తది ఇస్తారు. డేటాకి ఇన్సూరెన్స్ లేదు. మీరు ఆ గ్రహం దగ్గరికి వెళ్ళినట్టు ఎక్కడా రుజువుండదు.

నా కమాండర్ పేరు ఏంటో తెలుసా? అంబాజీపేట. ఆయ్! నక్షత్రాల మీద మా ఊరి పేరు ఉండాలని అలా పెట్టుకున్నాను.

మొదటి ట్రిప్ 11 రోజులు. రోజూ ఆఫీసు లాగౌట్ అవగానే ఇందులో లాగిన్. అందులో ఒక గ్రహం మీద దిగాలనిపించింది. గురుత్వాకర్షణ ఎంతో చూసుకోలేదు. అది మన భూమికి మూడు రెట్లు. మామూలుగా దిగినట్టే ముక్కు కిందికి పెట్టి దిగాను. షిప్ దిగడం కాదండి, పడిపోయింది. గబగబా పైకి లేపాను, కానీ ఆ బరువుకి ఇంజిన్లు వెంటనే ఆపలేకపోయాయి. దభీమని తగిలింది. షీల్డ్ పోయింది, బాడీ 14 శాతానికి వచ్చేసింది. ఈ ఆటలో అకెనార్ 3 అని ఒక గ్రహం ఉంది. దాని గురుత్వాకర్షణ 6.7 రెట్లు. అక్కడ ముక్కలైన షిప్పులకు లెక్కలేదు. మూడు రెట్లకే నా పని అలా అయింది.

ఆ 14 శాతంతోనే వెనక్కి బయలుదేరాను. సుమారు 60 జంపులు. ప్రతి జంప్‌కీ ఊపిరి బిగబట్టాను. నక్షత్రానికి దగ్గరగా వెళ్ళలేదు, ఎక్కడా తొందరపడలేదు. చివరికి స్టేషన్ కనబడింది. స్టేషన్‌లోకి వెళ్ళే దారి పోస్టు డబ్బా నోరులా సన్నగా ఉంటుంది. ఇంటికొచ్చేశాం కదా అని ఆనందం. స్పీడు పెంచాను. అంచుకి తగిలింది.

అయిపోయింది. 11 రోజులు, 60 జంపులు, అన్నీ గుమ్మంలో పోయాయి. కుర్చీలోంచి లేచి కిందికెళ్ళి మజ్జిగ తాగి పడుకున్నాను. నిద్ర పట్టలేదు.

మర్నాడు మా దొడ్లో దింపు తీయడానికి వచ్చిన బాబాయ్‌తో మాట్లాడుతున్నాను. చిన్నప్పట్నుంచీ కొబ్బరి చెట్లెక్కుతున్న మనిషి. ఆట గురించి ఆయనకేం చెబుతాను? ఊరికే అడిగాను, "బాబాయ్, ఎక్కేటప్పుడు భయమా, దిగేటప్పుడా?" అని. ఆయన తల ఎత్తకుండానే చెప్పాడు. "ఎక్కేటప్పుడు పట్టు చూసుకుంటాం బాబూ. కాయ కోసేశాక, పనైపోయిందిలే అనుకుంటాం చూడు, అప్పుడే జారుద్ది."

నా 11 రోజుల కథ ఆయన ఒక్క ముక్కలో చెప్పేశాడు. అలవాటైపోయిన చోట, పని అయిపోయిందనుకున్న చోటే ప్రమాదం. తర్వాత చూస్తే, దూరం వెళ్ళే ప్లేయర్లు చాలామంది చెప్పేదీ ఇదే. గ్రహాంతరవాసుల వల్ల పోయినవాళ్ళకంటే అజాగ్రత్త వల్ల పోయినవాళ్ళే ఎక్కువ కనబడతారు.

సరే, రెండో ట్రిప్. ఈసారి జాగ్రత్తగా వెళ్ళాను. మూడు వారాలు తిరిగాను. ఒక న్యూట్రాన్ నక్షత్రం దగ్గర కూడా బతికి బయటపడ్డాను. వాటి రెండు ధ్రువాల నుంచీ చిమ్మనగొట్టంలా వెలుగు చిమ్ముతూ ఉంటుంది. ఆ చివర్లోంచి షిప్‌ని దూర్చి వెళితే తర్వాతి జంప్ నాలుగింతల దూరం పడుతుంది. దాని కోసం ఆశపడి ఎక్కువ లోపలికి వెళితే షిప్ గిరగిరా తిరిగిపోతుంది, వేడెక్కిపోతుంది. అందులో ఇరుక్కుంటే తిరిగి బయటపడడం కష్టం. నేను అంచునుంచే బయటపడ్డాను, చెయ్యి ఒక గంట సేపు వణికింది.

ఆ ట్రిప్‌లోనే దొరికింది. నీలం సముద్రాలు, తెల్ల మేఘాలు, పచ్చటి నేల. అచ్చం మన భూమి లాంటి గ్రహం. అంతకుముందు ఎవరూ రాలేదు. నేను చూసింది అదొక్కసారే అలాంటిది. ఇంటికి తీసుకెళ్ళాలి, అంతే, ఇంకేం వద్దు అనుకున్నాను.

వెనక్కి వచ్చే దారిలో ఏం చేశానో చూడండి. స్టేషన్లకి దూరంగా వెళ్ళాక దారిలో బంకులు ఉండవు. నక్షత్రాల దగ్గరికెళ్ళి స్కూప్‌తో ఫ్యూయల్ పట్టుకోవాలి. అన్ని నక్షత్రాలూ ఇవ్వవు. ఓ, బి, ఎ, ఎఫ్, జి, కె, ఎమ్, ఈ ఏడు రకాలే ఇస్తాయి. మన సూర్యుడు జి రకం. ఎల్, టి, వై అని గోధుమ మరుగుజ్జులు ఉంటాయి, వాటి దగ్గర చుక్క దొరకదు. మ్యాప్‌లో ఫిల్టర్ పెట్టుకుంటే ఇచ్చే నక్షత్రాల మీదుగానే దారి చూపిస్తుంది. నేను వెళ్ళేటప్పుడు పెట్టాను. వచ్చేటప్పుడు పెట్టలేదు. కాయ కోసేశాను కదా మరి!

ట్యాంకు పావు ఉంది. పక్కనే పసుపు నక్షత్రం. 'వద్దులే, రెండు నిమిషాలు ఎందుకు, తర్వాతి దాని దగ్గర పడదాం' అనుకున్నాను. తర్వాతిది ఎల్. దాని తర్వాతిది టి. మూడోది వై. ఇంక జంప్‌కి సరిపడా లేదు. అదే వ్యవస్థలో రెండు లక్షల కాంతి సెకన్ల దూరంలో ఒక ఎర్ర నక్షత్రం ఉంది. అంటే వెలుతురు వెళ్ళడానికే రెండు రోజులు దాటుతుంది. మన షిప్ అంతకంటే వేగమే గానీ, అక్కడిదాకా ఫ్యూయల్ రావాలి కదా. రాలేదు. మధ్యలో ఆగిపోయింది. తేలికగా ఉంటుందని నేను పెట్టుకున్న లైఫ్ సపోర్ట్ ఏడున్నర నిమిషాలే ఆపుతుంది. ఆ ఏడున్నరలో దాదాపు నాలుగు నిమిషాలు ఏం చెయ్యాలో తెలీక బటన్లు నొక్కుతూ కూర్చున్నాను.

3:40. కరెంటు కట్.

చీకట్లో కూర్చుని ఫోన్ తీశాను. అప్పుడు తెలిసింది, ఆటలోంచి బయటకొచ్చేస్తే ఆక్సిజన్ లెక్క అక్కడికక్కడే ఆగిపోతుందట! నేను భయంతో బయటకు రాకుండా కూర్చున్నాను, కరెంటు నన్ను బయటకు లాగింది. అదే వెతుకులాటలో ఇంకోటి దొరికింది. ఫ్యూయల్ ర్యాట్స్. 2015 నుంచీ ఉన్న ప్లేయర్ల గుంపు. ఈ ఆటలో ఎవరి ఫ్యూయల్ అయిపోయినా వెళ్ళి పోసి వస్తారు. డబ్బులు తీసుకోరు. ఎలా అయిపోయింది, నీకు బుద్ధుందా అని అడగరు.

వాళ్ళ చాట్ తెరిచాను. తెరిచి పది నిమిషాలు ఊరికే చూస్తూ ఉన్నాను. నిజం చెప్పేస్తాను. సిగ్గేసింది. అవతల ఎవరో విదేశాల వాళ్ళు, నా ఇంగ్లీషు ఎలా ఉందో, నవ్వుతారేమో అని. ఉద్యోగంలో చేరిన కొత్తలోనూ నాకు ఇదే జబ్బు. కోడ్ ఆగిపోతే సాయంత్రం దాకా ఒక్కడినే తల బాదుకునేవాడిని, పక్క సీటు అన్నని అడిగేవాడిని కాదు. ఆయన చూస్తే ఐదు నిమిషాల పని.

చివరికి టైప్ చేశాను. 'ఫ్యూయల్ నిల్. ఆక్సిజన్ 3 మినిట్స్. హెల్ప్.' అంతే. గ్రామర్ ఏమీ లేదు. సెకన్లలో జవాబు వచ్చింది. ఏ వ్యవస్థలో ఉన్నావు, ఏ మెషిన్ మీద ఆడుతున్నావు, మేం చెప్పేవరకు లాగిన్ అవ్వకు. ముగ్గురు బయలుదేరారు. నాకోసం 4,000 కాంతి సంవత్సరాలు.

రెండు గంటలు పట్టింది. ఈలోగా కరెంటు వచ్చింది. ముందు ముప్పై సెకన్లు లాగిన్ అయ్యి బీకన్ వెయ్యమన్నారు, నేనెటు ఉన్నానో చూసుకుని మళ్ళీ బయటికెళ్ళిపొమ్మన్నారు. వాళ్ళు దగ్గరికొచ్చాక రెండోసారి పిలిచారు. లాగిన్ అయ్యాను. 2:50... 2:30... 2:10. ఏమీ లేదు. 1:52 దగ్గర ఎదురుగా మెరుపు మెరిసినట్టు ఒక షిప్ ఊడిపడింది. చిన్న చిన్న డ్రోన్లు వచ్చి నా షిప్‌కి అతుక్కున్నాయి. ఒక్కోటీ ఒక టన్ను. లైట్లు వెలిగాయి. ఆక్సిజన్ లెక్క మాయమైంది. నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి, ఆటే కదా అని మీరు నవ్వినా పర్లేదు.

వాళ్ళు వెళ్ళిపోతూ నా చేత మ్యాప్‌లో ఆ ఫిల్టర్ పెట్టించి, పెట్టానో లేదో చూసి మరీ వెళ్ళారు.

ఇది ఆటలో మాటే అనుకోకండి. మన శ్రీహరికోటలో 2019 జులై 15 తెల్లవారుజామున చంద్రయాన్-2 ఎగరాలి. దేశమంతా మేలుకుని చూస్తోంది. ఇంకా 56 నిమిషాల 24 సెకన్లు ఉందనగా లోపం కనబడి ఆపేశారు. అంత మంది చూస్తుంటే ఆపడం ఎంత కష్టమో ఆలోచించండి. సరిచేసి, వారం తర్వాత 22న పంపించారు. సెప్టెంబర్ 7న విక్రమ్ ల్యాండర్ చంద్రుడికి 2.1 కిలోమీటర్ల ఎత్తు దాకా బాగానే దిగి, ఆ తర్వాత అందకుండా పోయింది. లక్షల కిలోమీటర్లు వెళ్ళి, చివరి రెండు కిలోమీటర్లలో. అప్పుడు ఇస్రో ఏం చేసింది? ఏమేం తప్పు జరగొచ్చో లెక్క వేసుకుని చంద్రయాన్-3 కట్టింది. ఫ్యూయల్ ఎక్కువ పెట్టింది, కాళ్ళు గట్టివి పెట్టింది, దిగే చోటుని అర కిలోమీటరు నుంచి నాలుగు కిలోమీటర్ల పొడవు, 2.4 కిలోమీటర్ల వెడల్పుకి పెంచింది. 2023 ఆగస్టు 23న దిగింది.

కాబట్టి ఎవరైనా ఈ ఆట మొదలుపెడితే, నా డబ్బులూ నిద్రా పోగొట్టుకుని నేర్చుకున్నవి ఉచితంగా తీసుకోండి. ఒకటి, సగం ట్యాంకు ఉండగానే ఫ్యూయల్ పట్టుకోండి, ఫిల్టర్ వచ్చేటప్పుడు కూడా పెట్టుకోండి. రెండు, జంప్ అవుతుండగానే స్పీడు సున్నాకి తెచ్చేయండి, ఎదురుగా నక్షత్రం ఉంటుంది. మూడు, దిగేముందు గ్రహం గురుత్వాకర్షణ చూడండి, బరువైన చోట ముక్కు దించకుండా అడ్డంగా, నెమ్మదిగా దిగండి. నాలుగు, దారిలో అమ్మే చోటు ఉంటే డేటా అమ్మేయండి. 2019లో డిస్టెంట్ వరల్డ్స్ 2 అని 13,000 మందికి పైగా ప్లేయర్లు కలిసి పాలపుంత అవతలి అంచుకు యాత్ర చేశారు. ఆ యాత్ర పుణ్యమా అని పాలపుంత నడిబొడ్డు దగ్గర ఒక స్టేషనే వెలిసింది. ఐదు, ఆక్సిజన్ అంకెలు కనబడగానే మెయిన్ మెనూకి వచ్చేసి సాయం అడగండి. ఏడున్నర నిమిషాలు ఉన్నప్పుడే అడగండి, నాలాగా మూడు నిమిషాలకి కాదు.

ఆ రాత్రి తర్వాత స్టేషన్ చేరడానికి నాకు ఇంకో మూడు రోజులు పట్టింది. పోస్టు డబ్బా నోరు ముందు పూర్తిగా ఆగాను. వెనకాల ఎవరో ప్లేయర్ తొందరపడుతున్నాడు. పడనీ. నడిచినంత స్పీడులో లోపలికి వెళ్ళి, దిగి, అమ్మాను.

ఇప్పుడు అక్కడ సముద్రాలున్న ఒక గ్రహం ఉందండి. దాని కింద, మొదట కనుగొన్నది కమాండర్ అంబాజీపేట అని ఉంటుంది. నన్ను అక్కడిదాకా మోసిన ఆ ముగ్గురి పేర్లు దాని మీద లేవు. అందుకే వాళ్ళ కథ ఇక్కడ చెప్పాను.

మీకూ ఇలా ఆటలోనో, ఉద్యోగంలోనో ఆఖరి నిమిషంలో ఎవరో వచ్చి కాపాడిన కథ ఉంటే కింద కామెంట్‌లో రాయండి. వాళ్ళని ఎన్ని నిమిషాలు ఆలస్యంగా అడిగారో కూడా రాయండి. ఉంటానండి, మళ్ళీ కలుద్దాం.